కెమెరా మీ దగ్గర, బ్యాటరీ నా దగ్గర

బాళగనూరు క్యాంపు,
జూన్ 11

ఆండాళ్‌కి,

సౌభాగ్యవతి అని రాయడానికి లేదు. చిరంజీవి అని రాయడానికి మనసొప్పలేదు. అందుకని ఉత్త పేరే రాశాను. ఆ పేరు పెట్టింది మీ నాన్నగారు కాబట్టి దానితో నాకు పేచీ లేదు.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. నా కొడుకు దినాలు కాగానే నువ్వు పిల్లనెత్తుకుని బస్సెక్కిన రోజున, ఇక నీ గొంతు నా చెవిన పడకూడదని దేవుడి గదిలో నిలబడి అనుకున్నాను. మూడేళ్ళయినా ఆ మాట మాటే. కాగితానికి గొంతుండదు గనక రాస్తున్నాను. మీ చిరునామా నా మేనకోడలు భావన ఇచ్చింది. అది రాయచూరులో మీకు రెండు వీధుల అవతలే కాపురముంటోంది.

సంగతి ఏమిటంటే, నా బిడ్డ కోటి బీరువా ఈ మధ్యనే తెరిచాను. చొక్కాల అడుగున వాడి డిజిటల్ కెమెరా దొరికింది. మీ మామయ్యని వెంటబెట్టుకుని సింధనూరు వెళ్ళి, బస్టాండు ఎదుట స్టూడియో నడిపే జంబన్నకి చూపించాను. అటూ ఇటూ తిప్పి, "కార్డు ఇల్లమ్మా. ఫోటోలు ఉంటే గింటే దీని హొట్టెలోనే ఉంటవు" అన్నాడు. కన్నడంలో ఇల్ల అంటే లేదు, హొట్టె అంటే కడుపు. నీ కూతురి మొదటి పుట్టినరోజు ఫోటోలు వేయించడానికి కోటి ఆ కార్డు ఎవరికో ఇచ్చాడు. ఎవరికిచ్చాడో చెప్పకుండానే పోయాడు. ఆ తర్వాత తీసినవన్నీ కెమెరా లోపలే ఉన్నాయన్నమాట.

చూద్దామంటే దాన్లో బ్యాటరీ లేదు. జంబన్న దగ్గరున్నవి ఏవీ పట్టలేదు. ఈ రకం కెమెరా రావడం మానేసిందట, పాత బ్యాటరీ, దాని ఛార్జరు తెస్తేనే ఏమైనా చేయగలనన్నాడు. అవి నీ దగ్గరున్నాయి. గోడకి తగిలించిన ఛార్జరుని బ్యాటరీతో సహా పీక్కుని పోయావు. ఆ రోజు గోడ గడియారం ఉందో లేదో అని కూడా చూసుకున్నాను.

మా ఇంట్లో ఇప్పుడు దండ వేసిన ఫోటో ఓటరు కార్డులోది పెద్దది చేయించింది. దొంగకి దండ వేసినట్టుంది. కార్తీకంలో తద్దినం వస్తోంది. ఆలోపు నా కొడుకు ముఖం నాకు కావాలి. బ్యాటరీ, ఛార్జరు పంపు.

లక్ష్మీతిరుపతమ్మ


తీన్ కందిల్, రాయచూరు,
జూన్ 24

లక్ష్మీతిరుపతమ్మ గారికి నమస్కారాలు.

మా ఇళ్ళల్లో అత్తమ్మ అంటాం. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మీరు దాన్ని దిద్ది అత్తయ్య అనిపించారు. ఇప్పుడు రెండూ అవసరం లేదు కాబట్టి నేనూ పేరే రాశాను.

మీ ఉత్తరం చూసి మా నాయన, "ఏందమ్మా, గా ముసలామె కాయిదం రాసిందా? జవాబు గివాబు ఏం వద్దు, ఊకుండు" అన్నాడు. ఊరుకోలేక రాస్తున్నాను.

మీకు ఓటరు కార్డు ఫోటో ఒక్కటే ఎందుకు మిగిలిందో మీకు తెలియదా? మా పెళ్ళి ఆల్బం ఏమైంది? పదో రోజున ఇంటినిండా చుట్టాలుండగా నా గాజులు మీ చేతుల్తో మీరే రోటికేసి పగలగొట్టారు. ఆ పని ఇంకొకరికి ఇవ్వడానికి కూడా ఒప్పుకోలేదు. తర్వాత లోపలికెళ్ళి ఆల్బం తెచ్చి నీళ్ళపొయ్యిలో పెట్టారు. ప్రతి పుటలోనూ నేనున్నానని కదా? ఆయనా ఉన్నాడు ప్రతి పుటలో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నా దగ్గరా ఒక్క ఫోటో లేదు. మేఘకి ఐదో ఏడు వచ్చింది. బడికి పోతోంది. "అమ్మా, మా నాయిన ఎట్లుంటుండె?" అని అడుగుతోంది. ఏం చూపించను? ఒక్క మాట గుర్తుచేస్తున్నాను. మీ ఉత్తరంలో నా కూతురి పుట్టినరోజు ఉంది, కార్డు ఉంది. పిల్ల ఎలా ఉందన్న మాట లేదు. ఆడపిల్ల పుట్టిందని తెలిసిన రోజు నుంచి ఒక్కసారీ ఒళ్ళోకి తీసుకోని మనిషికి ఆ మాట ఎందుకు గుర్తొస్తుందిలెండి.

బ్యాటరీ నా దగ్గరే ఉంది. కానీ అది అయిపోయింది. మూడేళ్ళు వాడకుండా పడి ఉంది. ఛార్జరు మీద పెడితే పచ్చదీపం వెలుగుతుంది, దాన్ని నమ్మడానికి లేదు. లోపల సత్తువ లేదని మా తమ్ముడు వాసు దుకాణంలో చూపించుకొచ్చాడు. కొత్తది హైదరాబాదు నుంచి తెప్పించాలి. పైన అంకె ఒకటే ఉన్నా నకిలీవి కొంచెం లావుగా ఉండి గూట్లో దిగవట. కెమెరా చేతిలో ఉంటే సరిచూసి తీసుకోవచ్చు. కెమెరా ఇక్కడికి పంపండి. ఫోటోలు వేయించి మీకో జత పంపుతాను.

ఆండాళ్


బాళగనూరు క్యాంపు,
జూలై 9

ఆండాళ్‌కి,

పాలకుండకి పిల్లిని కాపలా పెట్టమంటున్నావు. బాగుంది. నేను కెమెరా పంపాలి, నువ్వు ఫోటోలు వేయించాలి, అందులో నాకేవి దక్కాలో నువ్వు తేల్చాలి. నేను పొలాలు కొనడానికి తెనాలి నుంచి ఇంత దూరం వచ్చి ఈ ఆంధ్రావాళ్ళ క్యాంపులో దిగినదాన్ని. ఇంత చిన్న బేరం తెలియదనుకున్నావా?

బ్యాటరీ అయిపోయిందంటే నేను నమ్మను. పచ్చదీపం వెలుగుతుందని నీ చేత్తోనే రాశావు. దీపం వెలిగేదానికి సత్తువ లేకపోవడమేమిటి? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నా మీద కోపం దాని మీద చూపించకు.

గాజులు పగలగొట్టానన్నావు. పగలగొట్టాను. వాడు పోయిన రోజు పొద్దున పుట్టింటికి పోతానని సంచీ సర్దుకుని గుమ్మంలో కూర్చున్నదెవరు? నీతో పోట్లాడి, తినకుండా, తడి చేతుల్తో పోయి మోటారు స్టార్టరు పట్టుకున్నదెవరు? వాడు కరెంటు కొట్టి కాలవగట్టున పడివుంటే మంచం మీద మోసుకొచ్చారు. నీ చేతికి గాజులుండటం నేను చూడలేకపోయాను. ఇప్పటికీ చూడలేను.

ఇక ఆ పిల్ల అడుగుతోందంటావా? పిల్లలు అడుగుతారు, మర్చిపోతారు. కన్నదాన్ని నేను. నాకు మర్చిపోవడానికి లేదు. మీ మామయ్య పొద్దున్నే ఆ ఓటరు కార్డు ముఖం ముందు నిలబడి, "వీడు మనవాడిలాగే లేడు తిరుపతమ్మా" అంటారు. ఆయన ఆ మాట అన్న రోజు నాకు ముద్ద దిగదు.

బ్యాటరీ పంపు. పంపకపోతే కెమెరా తీసుకెళ్ళి తుంగభద్ర కాలవలో వేస్తాను. నాకు లేనిది నీకూ ఉండదు. నేను అన్నంత పనీ చేస్తానని పొయ్యి దగ్గర చూశావు కదా.

లక్ష్మీతిరుపతమ్మ


రాయచూరు,
ఆగస్టు 2

లక్ష్మీతిరుపతమ్మ గారికి,

మీరు అన్నంత పనీ చేస్తారు. ఆ విషయంలో మీ మీద నాకు పూర్తి నమ్మకముంది.

అందుకే పంపుతున్నాను. సింధనూరు బస్సు డ్రైవరుకి పొట్లం ఇచ్చి, జంబన్న స్టూడియోలో ఇమ్మన్నాను. పొట్లంలో బ్యాటరీ, ఛార్జరు ఉన్నాయి. ఇది పనికిరాదని ముందే రాశాను, మీరు నమ్మలేదు. ఇప్పుడు మీ కళ్ళతో మీరే చూసుకోండి. ఒక్క క్షణం వెలుగుతుందేమో. ఆ క్షణంలో ఏది కనబడితే అది మీ అదృష్టం.

ఆ పొద్దున నేను సంచీ సర్దుకున్నది నిజం. ఎందుకు సర్దుకున్నానో ఆయనకి తెలుసు, మీకూ తెలుసు. నా మాటలకి ఇంటిల్లిపాదినీ నవ్వించడం మీకు అలవాటు. ముందురోజు పాలేర్ల ముందు, "మా కోడలు గిట్ల గట్ల అంటది" అని నా గొంతు పెట్టి అన్నారు. ఆయన ఒక్కడే నవ్వలేదు. నేను పోతానంటే, "నేనూ వస్తా, ఈ నీళ్ళు పెట్టి వస్తా ఉండు" అన్నాడు. మేం పోట్లాడుకున్నామని మీరు అనుకుంటున్నారు. మేం పోట్లాడుకోలేదు. ఇద్దరం కలిసే మీ ఇంట్లోంచి పోవాలనుకున్నాం.

ఇది ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. బ్యాటరీతో పాటు ఇదీ ఉంచుకోండి.

ఆండాళ్


బాళగనూరు క్యాంపు,
సెప్టెంబరు 18

ఆండాళ్‌కి ఆశీస్సులు.

నువ్వు రాసినదానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చింపాను. వాడు నన్ను వదిలి వచ్చేస్తానన్నాడంటే నేను నమ్మను. నమ్మకపోయినా నిద్ర పట్టడం లేదు. ఆ సంగతి వదిలేయి.

బ్యాటరీ అందింది. ఛార్జరు పెట్టాను, పచ్చదీపం వచ్చింది. కెమెరాలో వేసి, ఫోటోలు చూడటానికని జంబన్న చూపించిన మీట నొక్కాను. అద్దం వెలిగింది. కోటి! సగం గెడ్డానికి సబ్బునురగ పెట్టుకుని, నాలుక బయటపెట్టి నవ్వుతున్నాడు. ఏమండీ అని కేకేసి తల తిప్పేలోపు ఆరిపోయింది. మీ మామయ్య పశువుల దగ్గర్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నల్ల అద్దమే. ఆయనకి కనబడలేదు. నేను చూశానంటే చిన్నపిల్లాడిలా ఉక్రోషపడ్డారు. మర్నాడు మళ్ళీ ఛార్జింగు పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను. అద్దంలో వెలుగు మాత్రం వచ్చింది, వాడు రాలేదు.

మన ఇంట్లో టార్చి సెల్లులు నీరసిస్తే డాబా మీద ఎండబెట్టి మళ్ళీ వాడుకోవడం నీకు తెలిసిందే. మీ మామయ్య పొలానికి నీళ్ళు పెట్టినన్నాళ్ళూ అలాగే గడిపారు. సెల్లులకి పనికొచ్చింది దీనికి పనికిరాదా అనుకున్నాను. రేకు పళ్ళెంలో పెట్టి పొద్దల్లా ఎండలో ఉంచాను. తీసేసరికి పూరీలా పొంగింది. బలం పుంజుకుందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. కెమెరాలో బలవంతంగా తోసి మూత నొక్కాను. ఇప్పుడది లోపల బిగుసుకుపోయింది. మూత రాదు, బ్యాటరీ రాదు.

జంబన్న చూసి, "అయ్యో, ఇది పటాకి ఆగుత్తమ్మా, నేను ముట్టను" అని, టపాకాయలా పేలుతుందన్న భయంతో రెండడుగులు వెనక్కి వేశాడు. రాయచూరులో ఇలాంటివి విప్పేవాళ్ళున్నారన్నాడు.

నేను నీకు బుద్ధి చెప్పగలదాన్ని గానీ అడుక్కోవడం చేతకానిదాన్ని. అయినా అడుగుతున్నాను. కెమెరా పంపితే బాగుచేయిస్తావా? కొత్త బ్యాటరీ వేయిస్తావా? నాకు జత అక్కర్లేదు. నవ్వుతున్నది ఒక్కటి చాలు.

లక్ష్మీతిరుపతమ్మ


రాయచూరు,
సెప్టెంబరు 27

అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. ఆ సబ్బునురగ ఫోటో నేను తీసిందే. మీరు చూడగలిగారు, సంతోషం. మామయ్యగారు చూడలేకపోయినందుకు బాధగా ఉంది.

మీరేమీ దిగులు పెట్టుకోకండి. ఉబ్బిన బ్యాటరీ తీసే మనిషిని వాసు చూసిపెట్టాడు. కొత్త బ్యాటరీ కూడా హైదరాబాదు నుంచి వచ్చింది. మొదట వచ్చింది నకిలీదైతే తిప్పి పంపి, మీకు పంపేముందు రాసిపెట్టుకున్న పాతదాని కొలతలన్నీ చెప్పి మళ్ళీ తెప్పించాడు. కెమెరాని బట్టలో చుట్టి, డబ్బాలో పెట్టి పంపండి. ఎండ తగలనివ్వకండి. నొక్కకండి. తీన్ కందిల్ దగ్గర రామదాసు గిన్నెల దుకాణమంటే ఎవరైనా చెబుతారు. మా నాయనకి అందితే నాకు అందినట్టే.

తద్దినం లోపల పని అయిపోతుంది.

మీ కోడలు,
ఆండాళ్


బాళగనూరు క్యాంపు,
అక్టోబరు 5

అమ్మా ఆండాళ్,

కెమెరా పంపుతున్నాను. భావన మొగుడు ఊరికి వచ్చి తిరిగి వెళుతుంటే అతని చేతికే ఇచ్చాను. మీ మామయ్య ధాన్యం కొలిచే కుంచంలో ఊక పోసి, మధ్యలో గుడ్డ చుట్టి పెట్టారు. మూత కుట్టింది నేనే.

మీ కోడలు అని సంతకం పెట్టావు. అది చదివి మీ మామయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. నేను ఏడవలేదు గానీ ఉత్తరం దేవుడి గదిలో పెట్టాను.

నీకు సంబంధం చూస్తున్నారని భావన చెప్పింది. వినగానే మండిపోయాను. ఒళ్ళు చల్లారాక ఆలోచించాను. నీ వయసెంత? చేసుకో. నేనేమీ అనను. ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు. నాకు కోటి ముఖం ఒక్కటి ఇవ్వు, నీ దారిన నువ్వు సుఖంగా ఉండు. తద్దినం రోజున ఆ ఓటరు కార్డు ముఖం తీసేసి వాణ్ణి పెట్టుకుంటాను. మేకు కూడా కొత్తది కొట్టించాను.

నీ అత్తయ్య,
లక్ష్మీతిరుపతమ్మ


రాయచూరు,
నవంబరు 20

లక్ష్మీతిరుపతమ్మ గారికి,

తద్దినం అయిపోయేవరకు ఆగి రాస్తున్నాను.

పాత బ్యాటరీని ఆ మనిషి నెమ్మదిగా పెకలించి తీశాడు. కొత్తది వేయగానే కెమెరా వెలిగింది. ఫోటోలన్నీ క్షేమంగా ఉన్నాయి. చూసినవి చూసినట్టు రాస్తాను, మీకు రాతలోనే అందాలి.

సబ్బునురగది మీరు చూశారు. ఇంకొకదాంట్లో ఆయన ట్రాక్టరు బానెట్ మీద మేఘని కూర్చోబెట్టి, రెండు చేతుల్తో నడుం పట్టుకుని ఉన్నాడు. పిల్ల భయంతో ఆయన మీసం పట్టుకుంది. ఇంకోటి వడ్ల బస్తాల మీద నిద్రపోతున్నది. ఇంకొకటి ఉంది. అందులో మీరున్నారు. గోంగూర కలిపిన ముద్ద ఆయన నోట్లో పెడుతున్నారు. ఆయన నోరంతా తెరిచి మీ చెయ్యి పట్టుకున్నాడు. మీరు నవ్వుతున్నారు. మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను ఆ నవ్వు చూడలేదు. అది నాలుగైదుసార్లు చూశాను.

తర్వాత అన్నీ తుడిచేశాను. ఒక్కొక్కదానికీ ఆ యంత్రం నిజంగా తుడిచేయమంటారా అని అడుగుతుంది. ప్రతిసారీ అవుననే నొక్కాను. మీరున్నదానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది, అంతే.

మాఘంలో నా పెళ్ళి. చేసుకోబోయే ఆయనకి బట్టల దుకాణం ఉంది, మొదటి భార్య పోయింది, పిల్లల్లేరు. మేఘ తన సొంత బిడ్డగానే పెరగాలని, పాత ఇంటి గుర్తు ఒక్కటి కూడా రేపు ఎవరూ తెచ్చి పిల్లకి చూపించకూడదని ఒక్క షరతు పెట్టాడు. ఆ కెమెరా మీ చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకు భయమే. అందుకే కావాలనుకున్నాను. మేఘ తండ్రి ఎలా ఉంటాడని అడుగుతోందని రాసింది అబద్ధం. పిల్ల అడగదు. నేను చేసుకోబోయే మనిషిని ఇప్పటికే నాయిన అంటోంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ బ్యాటరీని మీరు ఎండలో పెడతారని నాకు తెలుసు. టార్చి సెల్లులు ఆరబెట్టే ఇల్లు నాకు తెలియనిదా? పెట్టకండి, ఉబ్బుతుంది అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. కాలవలో వేస్తానన్నారు గానీ, కొడుకు ముఖమున్నదాన్ని మీరు వేయరు. ఉబ్బి ఇరుక్కుంటే తప్ప మీరు దాన్ని చేతిలోంచి వదలరు.

కెమెరా తిప్పి పంపుతున్నాను. కొత్త బ్యాటరీ నిండుగా ఛార్జింగు పెట్టి వేశాను. అందులో కొన్ని ఫోటోలు మిగిల్చాను. వరికి తెగులొచ్చినప్పుడు మందుల దుకాణంలో చూపించడానికని మీ అబ్బాయి తీసిన ఆకులు. దోమపోటువి కొన్ని, ఆకులెండినవి కొన్ని. మీరు వ్యవసాయదారులు, మీకు పనికొస్తాయి.

ఇక రాయకండి.

ఆండాళ్


బాళగనూరు క్యాంపు,
డిసెంబరు 3

ఆండాళ్,

కెమెరా వచ్చింది. వరి ఆకులు చూశాం. మీ మామయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఇది పైమడి, ఇది కాలవ కింది మడి అని గుర్తుపడుతూ ఒక్కొక్కటీ చూశారు. ఒకచోట ఆగిపోయారు. "తిరుపతమ్మా, ఆకు చూడకు. ఆకు పట్టుకున్న వేలు చూడు" అన్నారు.

కోటి బొటనవేలు. గోరు పక్కన కొడవలి తెగిన మచ్చతో సహా. నువ్వు ముఖాలు వెతికి వెతికి తుడిచావు, వేళ్ళ సంగతి నీకు తోచలేదు. పాపం ఆయన ఆ వేలు చూసుకుని ఆ పూట కడుపునిండా తిన్నారు. మంచి మనిషి, కొంచెంతో సరిపెట్టుకుంటారు. నాకు వేలు చాలదు.

నిన్ను శపిద్దామనే కూర్చున్నాను. శాపాలన్నీ మూడేళ్ళ కిందటే అయిపోయాయి, కొత్తవి తోచలేదు. అప్పుడు భావనకి ఫోన్ చేసి, నేను ఇన్నాళ్ళూ అడగనిది అడిగాను. ఆ పిల్ల ఎలా ఉంటుందే అని. "అయ్యో అత్తా, నీకు తెలీదా? అచ్చు కోటి బావే. నవ్విందంటే ఎడమ బుగ్గ మీద అదే సొట్ట, అదే వంకర పన్ను. నేనే ఒక్కోసారి ఉలిక్కిపడతా" అంది.

ఆడపిల్లని ఒళ్ళోకి తీసుకోలేదని నన్ను ఎత్తిపొడిచావు. నిజం, తీసుకోలేదు. కళ్ళెత్తి సరిగ్గా చూడనైనా లేదు. చూసి ఉంటే నీతో పంపేదాన్నా? వాడి ముఖం ఇన్నాళ్ళూ రాయచూరులో రెండు జడలు వేసుకుని బడికి పోతోంది. నేను ఇక్కడ ఓ చచ్చిన బ్యాటరీకి ఎండ చూపిస్తూ కూర్చున్నాను. నువ్వు తుడవాల్సింది కెమెరాలో కాదు. రేపు నీ కొత్త మొగుడు రోజూ కాఫీ తాగుతూ చూసేది నా కొడుకునే. ఆ పిల్ల పెరిగేకొద్దీ వాడే పెరుగుతాడు. దానికి మీటలేమీ ఉండవు.

నీతో మాట్లాడను, నా ఒట్టు ఒట్టే. నీ గుమ్మం తొక్కను. బడి ఎక్కడో భావన చెప్పింది. గేటు దగ్గర నిలబడి చూస్తాను. నువ్వెవరు అని పిల్ల అడిగితే ఎవరో చెబుతాను. మీ నాయన ఎవరో తెలుసా అని నేనూ అడుగుతాను. నేను చెప్పింది విని ఏడిస్తే ఏడవనీ. ఏడ్చేటప్పుడు వాడెలా ఉండేవాడో చూసి చాలా ఏళ్ళయింది.

ఈ ఉత్తరం నీకు శుక్రవారానికి అందుతుంది. నేను సోమవారం వస్తాను. బడి మాన్పించి ఇంట్లో దాచుకుందామనుకుంటే దాచుకో, మంగళవారం కూడా వస్తాను. సింధనూరులో పొద్దున బస్సెక్కితే పిల్లలు మధ్యాహ్నం అన్నాలకి బయటికి వచ్చేలోపు అక్కడుంటాను.

లక్ష్మీతిరుపతమ్మ